చేతిబండి నుంచి కారు దాకా: ఫ్రిట్జ్ ఫెండ్

పాత బుల్లికార్లను బాగుచేసి దాచుకునేవారు ముచ్చటపడే మూడు చక్రాల కారు ఒకటుంది. పేరు మెసెర్‌ష్మిట్ కె.ఆర్. 200. దాన్ని రూపొందించిన ఫ్రిట్జ్ ఫెండ్ గురించి మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనుకున్నాం.

1920లో పుట్టిన ఫెండ్ జర్మనీలో విమానాల ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన ఆ దేశంలో విమానాల తయారీని నిషేధించారు. నేర్చుకున్న విద్యకు పనిలేదు. కానీ ఎటు చూసినా యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్నవారే. వారు చేతులతో నడుపుకునే బండిని 1948లో రోజెన్‌హైమ్‌లో తయారుచేశారు. తర్వాత దానికి చిన్న ఇంజను అమర్చారు. కాళ్లున్నవారూ అది తమకూ కావాలని అడిగారు! మాకైతే తర్వాతి కార్లకన్నా ఆ చేతిబండే గొప్పదనిపిస్తుంది.

విమానాల పనిలేని మెసెర్‌ష్మిట్ కంపెనీ 1953లో రెగెన్స్‌బర్గ్‌లో ఆయన కార్ల తయారీ మొదలుపెట్టింది. 1955లో కె.ఆర్. 200 వచ్చింది. ఇంజను 191 సి.సి. ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు కూర్చోవాలి, పైన విమానానికున్నట్టు పారదర్శకమైన మూత. వెనక్కి వెళ్లాలంటే ఇంజను ఆపి, ఉల్టా తిరిగేలా స్టార్ట్ చేయాలి. అందుకే వెనక్కి కూడా నాలుగు గేర్లు!

1956లో కంపెనీ మళ్లీ విమానాల వైపు మళ్లింది. ఫెండ్ మరొకరితో కలిసి ఆ కార్ల పని చేపట్టి 1964 వరకు నడిపారు. 2000లో కన్నుమూశారు.