థామస్ యంగు: కాంతితరంగములు

శాస్త్రమున నూతన సత్యము ప్రతిష్ఠ గాంచుటకు ప్రయోగబలము మాత్రమే చాలదు. దానిని నిష్పక్షపాతముగ విను చెవులును గావలెను. ఇందులకు థామస్ యంగు జీవితము ప్రబలమగు దృష్టాంతము. కాంతి తరంగరూపమున వ్యాపించునని నేడు పాఠశాలా బాలురు సైతము చదువుచున్నారు. ఆ మాటను ప్రయోగపూర్వకముగ నిరూపించినవాడు వృత్తిచే వైద్యుడనియు, అందులకై యాతడు పరిహాసపాత్రుడయ్యెననియు నెరిగినవారు కొలదిమంది.

యంగు 1773వ సంవత్సరము జూన్ 13వ తేదీని ఇంగ్లండునందు సోమర్సెట్ మండలములోని మిల్వర్టన్ గ్రామమున క్వేకరు కుటుంబమున జన్మించెను. పదుగురు సంతానములో నాతడే జ్యేష్ఠుడు. రెండేండ్ల ప్రాయముననే పుస్తకములు చదువ నేర్చెను. పదునాలుగేండ్లు నిండునప్పటికి లాటిను, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియను భాషలతోబాటు హీబ్రూ, అరబ్బీ, పారశీకములందును ప్రవేశము సంపాదించెను. పిమ్మట లండను, ఎడింబరో నగరములందును, జర్మనీలోని గొట్టింగెన్ నందును వైద్యము నభ్యసించెను. దూరపు వస్తువును చేరువ వస్తువును కన్ను స్పష్టముగ జూడగలుగుటకు కంటిలోని కటకము తన యాకృతిని మార్చుకొనుటయే హేతువని విద్యార్థి దశలోనే వ్రాసి, 1794లో, ఇరువదియొకటేండ్ల ప్రాయమున, రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1796లో గొట్టింగెన్ యందు పట్టము పుచ్చుకొనుచు మానవ కంఠధ్వనిని గూర్చి యుపన్యసించెను. కన్ను నెరుగగోరి కాంతిని, కంఠము నెరుగగోరి ధ్వనిని పరిశీలింపసాగెను. వైద్యశాస్త్రమే యాతనిని భౌతికశాస్త్రమునకు జేర్చినది.

ధ్వని గాలిలో పుట్టు తరంగమని యప్పటికే యెల్లరు నెరుగుదురు. కాంతి యన్ననో, అతిసూక్ష్మ కణముల ప్రవాహమని న్యూటను మొగ్గియుండెను. హాలండు దేశీయుడగు హైగెన్సు 1690లో తరంగవాదమును గ్రంథస్థము గావించినను దాని కాదరణము లేకపోయెను. న్యూటను గతించి డెబ్బదియేండ్లు దాటినను ఇంగ్లండునందాతని పేరే ప్రమాణమై యుండెను.

యంగు ధ్వనినుండి కాంతికి త్రోవ తీసెను. తంబురా శ్రుతి చేయువారికి పరిచితమైన సంగతి యొకటి కలదు. రెండు తంత్రులు శ్రుతిలో గలియుటకు కొంచెము కొరతయున్నపుడు నాదము క్రమముగ పెరుగుచు తరుగుచు నుండును. ఒక తరంగము మరియొకదానికి తోడ్పడినపుడు నాదము హెచ్చును, ఎదురైనపుడు తగ్గును. నీటి యలలందును నిట్లే. శిఖరముతో శిఖరము గలసిన నీరు ఎత్తుగ లేచును. శిఖరము పల్లముతో గలసిన సమమై నిలుచును. టాంకిను తీరమునందలి యొక రేవున కొన్ని దినములలో ఆటుపోటు లుండకపోవుటకు, రెండు మార్గముల వచ్చు పోటులు ఒండొంటిని రద్దుచేయుటయే కారణమని న్యూటనే వివరించియుండెను. సముద్రమునకు వర్తించు న్యాయము కాంతికేల వర్తింపదని యంగు తలచెను. కాంతి కణరూపమే యైనచో కాంతికి కాంతి చేరి చీకటి యగుట యెట్లు? తరంగమైనచో అది సహజమే.

1801 నవంబరులో నాతడీ వాదమును రాయల్ సొసైటీ యెదుట నుంచెను. సబ్బునీటి బుడగలవంటి పలుచని పొరలపై గనుపించు రంగులను దీనితో వివరించి, న్యూటను కొలిచిన కొలతలనే గైకొని తరంగముల పొడవును లెక్కించెను. ఎరుపునకు అంగుళములో సుమారు 36,000వ వంతు, ఊదాకు సుమారు 60,000వ వంతు వచ్చెను. ఈ లెక్క నేటి కొలతలకు మిక్కిలి చేరువ.

1803లో మరియొక ప్రయోగము ప్రకటించెను. కిటికీ తలుపునందలి సూదిబెజ్జము గుండ సూర్యరశ్మిని చీకటిగదిలోనికి రానిచ్చి, అంగుళములో ముప్పదవ వంతు వెడల్పుగల యట్టముక్కను అంచువారగ నా రశ్మికి అడ్డుపెట్టెను. అట్టనీడ నడుమ వెలుగుచారలును చీకటిచారలును వరుసగ గనుపించెను. ఒక ప్రక్కనుండి వచ్చు కాంతిని మరుగుపరచినంతనే, రెండవ ప్రక్క వెలుగు యథాతథముగ నున్నను, నీడలోని చారలు మాయమయ్యెను. రెండు ప్రక్కల కాంతియు గలసికొనుటచేతనే చారలు పుట్టుచున్నవని స్పష్టమయ్యెను.

ఇంత సులభమగు ప్రయోగమును విమర్శకులు చేసి చూడవలసినది. అట్లు జరుగలేదు. ఎడింబరో రివ్యూ పత్రికలో హెన్రీ బ్రూమ్ అను న్యాయవాది, అనంతరకాలమున లార్డు ఛాన్సలరైన ప్రముఖుడు, సంతకము లేని వ్యాసములలో యంగును తీవ్రముగ నెగతాళి చేసెను. యంగు 1804లో ప్రత్యుత్తరముగ నొక చిన్నపుస్తకము నచ్చొత్తించెను. అది యొక్క ప్రతియే యమ్ముడుపోయెనని యాతడే చెప్పుకొనెను. శాస్త్రవ్యాసంగము మితిమీరిన వైద్యునియెడ రోగులకు నమ్మకము సడలునను భయముతో నాతడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆచార్యపదవిని 1803లోనే విడిచియుండెను. తరువాత పెక్కు వ్యాసములను పేరు లేకుండనే ప్రకటించెను. 1811 నుండి మరణపర్యంతము సెయింట్ జార్జి ఆసుపత్రి వైద్యుడుగ నుండెను. విరామకాలమున ఈజిప్టు ప్రాచీనలిపిని పరిశోధించి, ఆ లిపిరహస్యమును భేదించిన వారిలో ముందుగ నడచిన యొకడయ్యెను.

యంగునకు న్యాయము ఫ్రాన్సునుండి వచ్చెను. బాటలు వేయించు ఇంజనీరగు ఫ్రెనెల్ 1815లో స్వతంత్రముగ నీ సిద్ధాంతమునే చేరుకొని, దానికి గణితపుష్టిని చేకూర్చెను. ఆ గణితము నిజమైనచో గుండ్రని బిళ్ల నీడ నట్టనడుమ వెలుగుచుక్క యుండవలెనని ప్వాసాన్ ఆక్షేపించెను. అరగో ప్రయోగము చేసి చూడగా చుక్క యున్నది! 1819లో ఫ్రెంచి అకాడమీ ఫ్రెనెల్‌నకు బహుమతి నొసగెను. కాంతి కంపనములు ప్రసారమార్గమున కడ్డముగ నుండవచ్చునని 1817లో అరగోకు సూచించినవాడును యంగే. 1827లో ఆ యకాడమీ యాతనిని విదేశసభ్యునిగ గౌరవించెను. 1829 మే 10వ తేదీని, ఏబదియారవ యేట, యంగు లండనులో పరమపదించెను.

1850లో ఫూకో కాంతివేగము గాలిలోకంటె నీటిలో తక్కువయని చూపుటతో పాతకణవాదము నశించెను. 1905లో ఐన్‌స్టీను కాంతికి మరియొక విధమగు కణస్వభావమును ప్రతిపాదించినను యంగు చూపిన చారలు చెరిగిపోలేదు. న్యూటను నెడ యంగునకు భక్తి తక్కువకాదు; ఆతని కొలతలనే యాధారము చేసికొనెను. విమర్శకుడు న్యూటను పేరును గౌరవించెను, యంగు న్యూటను పద్ధతిని గౌరవించెను. పగలు కచ్చేరిలోనో, ఆసుపత్రిలోనో పాటుపడి, రాత్రి దీపముకడ తమకు ప్రియమైన విద్యను సాగించువారు మనలోను గలరు. వారి పనిని తూచునపుడు వారి యుద్యోగమునుగాని, వారెదిరించిన పేరునుగాని గాక, వారు చూపిన నిదర్శనమును చూచుట మన విధి.