ఇరవై ఒక్క ఏళ్ల వెతుకులాట



ధమ్మ దీక్ష తీసుకున్న మిత్రులారా, అన్ని మతాలూ చెప్పేది ఒకటే కదా, మీరెందుకు మారారని ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగే ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితంలోనే ఉంది. ఆయన ఆవేశంలో మారలేదు. మతాలను పక్కపక్కన పెట్టి తూచి చూశారు.

1891 ఏప్రిల్ 14న ఆయన మహూలో పుట్టారు. తండ్రి రాంజీ కబీర్‌పంథీ. ఇంట్లో పిల్లలచేత రామాయణ, భారతాలు చదివించేవారు. బడికెళితే మాత్రం గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. దాహమైతే కుళాయి తానుగా తిప్పకూడదు. ఇంట్లో చదివిన భక్తికీ బడిలో పడిన అవమానానికీ పొంతన లేదు. పరీక్ష పాసైనప్పుడు జరిగిన సభలో కేలుస్కర్ గారు తాను మరాఠీలో రాసిన బుద్ధుని చరిత్రను కానుకగా ఇచ్చారు. ఆ విత్తనం అప్పుడు పడింది.

1927లో మహాడ్ చెరువు నీళ్ల కోసం, 1930లో నాసిక్ కాలారామ్ గుడి తలుపుల కోసం పోరాడారు. ఏళ్లు గడిచినా గుడి తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబర్ 13న యేవలాలో, హిందువుగా పుట్టడం తన చేతిలో లేకపోయినా హిందువుగా చావనని ప్రకటించారు. అక్కడి నుంచి దీక్ష దాకా 21 ఏళ్లు.

మరుసటి ఏడాదే అమృత్‌సర్‌లో సిక్కుల మహాసభకు వెళ్లారు. సిక్కు మతంలో విగ్రహపూజ లేదు. లంగరులో అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. అది చిన్న సంగతి కాదు. అయినా మజహబీ సిక్కులను వేరుగా చూసే కులబుద్ధి అక్కడా పోలేదు.

జైనం కూడా వేదాన్ని, సృష్టికర్తను ఒప్పుకోదు. కానీ అక్కడ అహింస కఠిన నియమం. దున్నితే పురుగులు చస్తాయని సేద్యానికే వెనకాడే దాకా వెళ్లింది. మరి మన రైతు, మన కూలీ ఏమైపోవాలి? బుద్ధుని అహింసను బాబాసాహెబ్ నియమంగా కాక సూత్రంగా అర్థం చేసుకున్నారు. ఆలోచించి నడిచే స్వేచ్ఛ మనిషికి అందులో ఉంది.

1950లో మహాబోధి పత్రికకు రాసిన వ్యాసంలో ఆయన పెట్టిన పరీక్షలు ఇవి: మతంలో సమాజాన్ని నిలబెట్టే నీతి ఉండాలి. అది బుద్ధికీ సైన్సుకూ నిలవాలి. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావాన్ని ఒప్పుకోవాలి. పేదరికాన్ని పవిత్రం చేయకూడదు. గీతలో కృష్ణుడు తానే దేవుడినంటాడు. బుద్ధుడు తనను దారి చూపేవాడిగానే చెప్పుకున్నాడు, మోక్షం ఇచ్చేవాడిగా కాదు. నేటి పేదరికానికి పోయిన జన్మ పాపమే కారణమనే కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అలా ఒప్పుకుంటే దోచుకున్నవాడి తప్పు మాయమవుతుంది కదా!

పుస్తకాలతోనే ఆగలేదు. బౌద్ధం జనంలో ఎలా బతుకుతోందో చూడటానికి 1950లో శ్రీలంక వెళ్లారు, 1954లో బర్మా వెళ్లారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మహాస్థవిర చంద్రమణి చేతుల మీదుగా త్రిశరణ పంచశీల స్వీకరించారు. తర్వాత లక్షల మందికి తానే దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ తర్వాత ఆయన బతికింది 53 రోజులే. డిసెంబర్ 6న కన్నుమూశారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూడండి. బుద్ధుని పటానికి కొబ్బరికాయ కొట్టి కోరికలు కోరుతున్నామా? పెళ్లికి పంచాంగం చూపించుకుంటున్నామా? చావుకు పిండం పెడుతున్నామా? అలాగైతే మారింది పటం ఒక్కటే. అన్ని మతాలూ ఒకటేనని మనమే నిరూపిస్తున్నట్టు. వచ్చే పౌర్ణమికి పిల్లలతో సహా కూర్చోండి. 22 ప్రతిజ్ఞలు ఒక్కొక్కటే చదివి, మీ ఇంట్లో ఏది నడుస్తోందో, ఏది నడవడం లేదో చెప్పుకోండి.

జై భీమ్!