రెండు క్రీడల కోటా రామస్వామి

క్రీడారంగంలో అగ్రస్థానం అందుకొన్నవారినే లోకం స్మరిస్తుంది. అయితే శిఖరాన్ని చేరకపోయినా, ఆటనే ఉపాసనగా భావించి తరువాతి తరాలకు దారి వేసినవారు కొందరుంటారు. టెన్నిస్, క్రికెట్ రెండింటిలోనూ భారతదేశానికి ప్రాతినిధ్యం వహించిన తెలుగువాడు కోటా రామస్వామి అట్టివారిలో ఒకరు.

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో జన్మించారు. తండ్రి మోతవరపు వెంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు అన్న పేరుతో ఆయన ప్రసిద్ధులు. రామస్వామి మాతామహుని ఇంటికి దత్తు వెళ్లడంతో ఆయన ఇంటిపేరు కోటా అయింది. కడప మండలం సైతం మద్రాసు రాజధానిలో అంతర్భాగంగా ఉన్న కాలమది. నాటి ఆంగ్లేయుల క్రికెట్ క్లబ్బులో భారతీయులకు సమాన గౌరవం ఉండేది కాదు. ఆ అవమానాన్ని సహింపలేక బుచ్చిబాబు 1888లో భారతీయుల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించారు. భారతీయులకు, ఐరోపీయులకు మధ్య పోటీని ఏర్పాటు చేశారు కాని, దానిని కన్నులారా చూడకుండానే 1908లో కన్నుమూశారు. అప్పటికి రామస్వామి పన్నెండేళ్ల బాలుడు. తండ్రి ఆశయాన్ని అన్నలు బాలయ్య, భట్‌లతో పాటు ఆయన కూడా తలకెత్తుకొన్నారు. సంక్రాంతి వేళ జరిగే ఆ పోటీలలో ఎడమచేతి వాటపు దూకుడైన బ్యాటింగుతో పేరు తెచ్చుకొన్నారు.

ఉన్నత విద్యకై కేంబ్రిడ్జి వెళ్లిన రామస్వామిని అక్కడ టెన్నిస్ ఆకర్షించింది. భారతదేశం డేవిస్ కప్ పోటీలలో తొలిసారి పాల్గొన్నది 1921లో. ఆ మరుసటి ఏడాదే ఆయనకు జట్టులో స్థానం లభించింది. ఆ జట్టు రొమేనియాను ఓడించి, స్పెయిన్ చేతిలో పరాజయం పొందింది. అదే సంవత్సరం ఆయన వింబుల్డన్‌లోనూ ఆడారు. అక్కడ విజేతగా నిలవకపోయినా, పరాధీన దేశపు యువకుడు ప్రపంచ క్రీడాకారులకు ఎదురుగా నిలవడమే నాడు ఒక విజయం.

ఆ రోజుల్లో ఆట అన్నం పెట్టేది కాదు. స్వదేశానికి తిరిగివచ్చిన రామస్వామి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేపట్టారు. ఉద్యోగ ధర్మాన్ని నిర్వర్తిస్తూనే సాధన కొనసాగించారు.

ఆ ఓర్పుకు ఫలితం 1936లో దక్కింది. విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు ఆయన ఎంపికయ్యారు. అదే జట్టులో మరో తెలుగు కుటుంబీకుడు సి.కె. నాయుడు కూడా ఉన్నారు. మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడేనాటికి రామస్వామికి నలభై ఏళ్లు నిండాయి. చాలామంది ఆట విరమించే వయస్సది. తొలి ఇన్నింగ్స్‌లో భారతజట్టు 368 పరుగులు వెనుకబడింది. అంతటి సంకటస్థితిలో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ శతకాలతో ఆదుకొన్నారు. రామస్వామి 40, 60 పరుగులు చేసి తమ వంతు కర్తవ్యాన్ని నెరవేర్చారు. ఆ టెస్టు డ్రాగా ముగిసింది. ఓవల్ మైదానంలో జరిగిన తరువాతి టెస్టులో జట్టు ఓడినా, ఆయన 29, అజేయంగా 41 పరుగులు సాధించారు. రెండు టెస్టులలో ఆయన చేసినవి మొత్తం 170 పరుగులు. మరల ఆయనకు టెస్టు ఆడే అవకాశం రాలేదు.

అవకాశం రానందుకు ఆటకు దూరం కాకపోవడం రామస్వామి వ్యక్తిత్వ విశేషం. 1952-53లో వెస్టిండీస్‌లో పర్యటించిన భారతజట్టుకు ఆయన మేనేజరుగా వ్యవహరించారు. తమ క్రీడానుభవాలను ఆంగ్లంలో గ్రంథస్థం చేయగా, అది 1966లో వెలువడింది.

1985 అక్టోబరు 15న, ఎనభైతొమ్మిదేళ్ల వయసులో, ఆయన మద్రాసులోని ఇల్లు విడిచి వెళ్లారు. మరల తిరిగి రాలేదు. ఆయన ఏమైనదీ ఎవరికీ తెలియలేదు. జీవితాంతం ఎలా సంభవించినదీ తెలియకపోయినా, ఆ జీవితం నేర్పిన పాఠం సుస్పష్టం. పతకాల సంఖ్య ఒక్కటే క్రీడాకారుని విలువకు కొలమానం కాదు. అవకాశం ఎంత ఆలస్యంగా వచ్చినా, దానిని అందుకొనేందుకు సంసిద్ధులై ఉండటమే నిజమైన సాధన.