భాషలు నేర్చిన ఆఫీసు కుర్రాడు – హైన్రిష్ ష్లీమన్

మన హాస్టల్లో పుస్తకం చూసి ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు చాలామందే ఉంటారు. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటాం. ఇంటర్వ్యూలో తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోతుంది. దాదాపు నూట ఎనభై ఏళ్ళ కిందట ఒక పేద కుర్రాడు ఈ కష్టాన్ని ఎలా దాటాడో మనం తెలుసుకోవాలి. తరువాత ట్రాయ్ తవ్వకాలతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన హైన్రిష్ ష్లీమన్ అతడే.

ష్లీమన్ 1822 జనవరి 6న ఉత్తర జర్మనీలోని నోయ్‌బుకో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. తొమ్మిదో ఏట తల్లి చనిపోయింది. కుటుంబం చితికిపోయింది. పద్నాలుగో ఏట చదువు ఆగిపోయి కిరాణా కొట్టులో పనికి కుదిరాడు. తెల్లవారుజామున అయిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా ఉప్పు, వెన్న, చేపలు అమ్మడం, కొట్టు ఊడవడం అతని పని. ఒక రాత్రి తాగిన మత్తులో ఒకడు కొట్టుకు వచ్చి, గ్రీకు మహాకవి హోమర్ పద్యాలు గొంతెత్తి చదివాడట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ నాదానికి కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరున్న చిల్లరతో వాడికి సారా పోయించి, ఆ పద్యాలు మూడుసార్లు చెప్పించుకున్నాడు.

అయిదున్నరేళ్ళ తరువాత బరువైన పీపా ఎత్తబోయి ఛాతీ దెబ్బతింది. రక్తం కక్కుకున్నాడు. పని పోయింది. 1841లో వెనిజులా వెళ్ళే ఓడ ఎక్కితే, అది హాలండు తీరంలో తుపానుకు దెబ్బతిని మునిగింది. ప్రాణాలతో బయటపడి ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. ఒక వ్యాపార ఆఫీసులో ఉత్తరాలు పోస్టాఫీసుకు చేర్చే పని దొరికింది. జీతం ఏడాదికి 800 ఫ్రాంకులు. అందులో సగం చదువుకే పోయేది. మిగిలిన సగంతో చలికి కుంపటి కూడా లేని గదిలో, రై పిండి జావ తాగి బతికాడు.

ముందుగా ఇంగ్లీషు మొదలుపెట్టాడు. అతని పద్ధతి ఇది. రోజూ పుస్తకం పెద్దగా చదవాలి. మాటకు మాట అనువాదం చేయకూడదు. తనకు ఇష్టమైన విషయం మీద కొద్దిగా రాసి మాష్టారుతో దిద్దించుకోవాలి. దిద్దినదాన్ని కంఠతా పట్టి మర్నాడు అప్పజెప్పాలి. గోల్డ్‌స్మిత్, స్కాట్ రాసిన రెండు ఇంగ్లీషు నవలలను ఇలాగే కంఠతా పట్టాడు. వానలో ఉత్తరాలు పట్టుకుని వెళ్తున్నా, పోస్టాఫీసు వరసలో నిలబడినా చేతిలో పుస్తకం ఉండేది.

అయితే పుస్తకం ఒక్కటే చాలదని అతనికి తెలుసు. ఆ రోజుల్లో రేడియో లేదు, టేపురికార్డరు లేదు. అందుకని ప్రతి ఆదివారం రెండుసార్లు ఇంగ్లీషువాళ్ళ చర్చికి వెళ్ళేవాడు. ప్రసంగం వింటూ ప్రతి మాటనూ లోగొంతుకతో తిరిగి అనేవాడు. ఈ రోజు మనం రికార్డు చేసిన పాఠం విని పలకడం ఎలాంటిదో, అతనికి ఆ చర్చి అలాంటిది. ఆరు నెలల్లో ఇంగ్లీషు, మరో ఆరు నెలల్లో ఫ్రెంచి వచ్చాయని చెప్పుకున్నాడు. తరువాత డచ్చి, స్పానిష్, ఇటాలియన్, పోర్చుగీసు పట్టాడు.

1844లో ష్రోడర్ కంపెనీలో చేరాక రష్యన్ మీద మనసుపడింది. ఊళ్ళో నేర్పేవారు లేరు. దొరికినవి ఒక పాత వ్యాకరణం, ఒక నిఘంటువు, టెలిమాకస్ కథకు ఒక రష్యన్ అనువాదం. ఆ కథను కంఠతా పట్టాడు. కానీ గోడలకు అప్పజెబితే ఉత్సాహం నిలవడం లేదు. వారానికి నాలుగు ఫ్రాంకులిచ్చి ఒక పేద యూదు వృద్ధుణ్ణి కుదుర్చుకున్నాడు. ఆయన పని రోజూ సాయంత్రం రెండు గంటలు ఎదురుగా కూర్చుని వినడమే. ఆయనకు రష్యన్ ఒక్క ముక్క రాదు! ఇళ్ళ మధ్య ఉన్నవి పలుచని చెక్క కప్పులు కావడంతో, ఆ కేకలు భరించలేక తోటి అద్దెవాళ్ళు ఫిర్యాదు చేశారు. రెండుసార్లు ఇల్లు మారవలసి వచ్చింది. అయినా మానలేదు. ఆరు వారాల్లో, నీలిమందు వేలానికి వచ్చిన రష్యన్ వ్యాపారులతో వాళ్ళ భాషలోనే మాట్లాడాడు. 1846లో కంపెనీ అతణ్ణి తన ప్రతినిధిగా సెయింట్ పీటర్స్‌బర్గ్ పంపింది. అక్కడ సొంత వ్యాపారంతో ధనవంతుడయ్యాడు.

1856లో గ్రీకు నేర్చుకున్నాడు. 1864లో మొదలైన ప్రపంచ యాత్రలో మన మద్రాసు, కలకత్తా, కాశీ కూడా చూశాడు. 1871 నుంచి టర్కీలోని హిసార్లిక్ దిబ్బను తవ్వి హోమర్ చెప్పిన ట్రాయ్ ఇదేనన్నాడు. 1876లో గ్రీసులోని మైసీనేలో బంగారు నిధులు బయటపెట్టాడు. 1890 డిసెంబరు 26న ఇటలీలోని నేపుల్స్‌లో మరణించాడు.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. తొందరపాటు తవ్వకాలతో పాత పొరలను పాడుచేశాడు. దొరికిన బంగారాన్ని టర్కీ ప్రభుత్వానికి తెలియకుండా తరలించాడు. తన గురించి తాను పెంచి చెప్పుకున్నాడని పరిశోధకులు తేల్చారు. కాబట్టి ఆరు వారాల లెక్కను మనం అక్షరాలా నమ్మనక్కరలేదు. కానీ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు భాషలో రాసుకున్న ఆయన డైరీలు ఏథెన్సులోని జెన్నాడియస్ గ్రంథాలయంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ శ్రమ అబద్ధం కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పుస్తకం వాక్యాన్ని ఇస్తుంది, చెవి ఉచ్చారణను ఇస్తుంది, నోరు ధైర్యాన్ని ఇస్తుంది. మూడూ రోజూ కలవాలి. పాఠం తెరిచి పెట్టుకుని ఫోనులో గాని, రేడియోలో గాని వినండి. ఆపి, అలాగే పలకండి. రాసింది మాష్టారుతో దిద్దించుకోండి. తరువాత పుస్తకం మూసి పక్కమంచం మీది స్నేహితుడికి చెప్పండి. వాడికి అర్థం కాకపోయినా ఫరవాలేదు, నవ్వకుండా వింటే చాలు. ష్లీమన్ వినేవాడి కోసం వారానికి నాలుగు ఫ్రాంకులు ఖర్చుపెట్టాడు. మన హాస్టల్లో ఒక్కో గదిలో అంతమంది ఉన్నాం. ఒకరిది ఒకరం వినడానికి మనకు పైసా ఖర్చు లేదు.