సర్ ఆర్థర్ కాటన్ దొర జీవితము

గోదావరి ప్రవహించు సీమలో అన్నమునకు కరువెట్లు కలుగునని మన పాఠశాల విద్యార్థులు అడుగవచ్చును. కాని కలిగెను. వానకాలమున నది గట్లను దాటి పొలములను ముంచివేయుచుండెను. వేసవిని ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలై, చేలకు అందనంత పల్లమున బారి సముద్రమున గలియుచుండెను. నీరు హెచ్చినపుడు ముంపు, తగ్గినపుడు ఎండ. ఈ రెంటి నడుమ రైతు నలిగిపోవుచుండెను. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చెను. 1839 నవంబరులో కోరంగి తీరమున ఘోరమైన తుపాను ఉప్పెనతో విరుచుకొని పడెను. 1821లో 7,38,308 మంది ప్రజలుండిన రాజమండ్రి జిల్లాలో 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. చనిపోయినవారు చనిపోగా, బ్రదికినవారిలో అనేకులు ఊళ్లు విడిచి వలసపోయిరి. ఇట్టి సీమను ధాన్యాగారముగా మార్చినవాడు ఆర్థర్ కాటన్ దొర.

ఆయన 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆర్థర్ ఆయనకు పదవ కుమారుడు. పదునైదేండ్ల ప్రాయమున ఆడిస్కూంబు సైనిక విద్యాలయమున జేరి, మరుసటి యేడే ఇంజనీరుల దళమున ఉద్యోగము సంపాదించెను. 1821లో చెన్నపట్టణమునకు వచ్చెను. మొదటి బర్మా యుద్ధమున పాల్గొనిన పిమ్మట ఆయన దృష్టి కత్తినుండి నీటివైపు మరలెను. 1828 మొదలుకొని కావేరీ నదీ పరిశీలన ఆయనకు అప్పగింపబడెను.

కావేరీతీరమున ఆయనకు లభించిన గురువు ఒక పాత కట్టడము. తంజావూరు సీమలో చోళరాజులనాటి కల్లణై అను ఆనకట్ట శతాబ్దములుగా వరదలకు ఓర్చి నిలిచియుండెను. దాని క్రింద బండనేల లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. పునాదికి బండ దొరకనిచోట కట్టుట తగదని నాటి సీమ ఇంజనీరులు తలంచుచుండగా, మన దేశపు పూర్వులు ఇసుకలో రాళ్లు దింపి, అవి క్రుంగినకొలది మీద మరల రాళ్లు పేర్చి, క్రుంగుట ఆగినపిమ్మట పైకట్టు కట్టియుండిరని కాటన్ గ్రహించెను. ఆ విద్యను ఈ దేశస్థులవద్దనే నేర్చితినని ఆయన దాపరికము లేక ఒప్పుకొనెను. ఆ పాఠముతో కొల్లడము నదిపై రెండు ఆనకట్టలను 1836 నాటికి పూర్తిచేసెను. ఎగువ ఆనకట్ట వెనుక ఇసుక మేటవేయగా తరువాత దాని మధ్యభాగపు ఎత్తు తగ్గింపవలసి వచ్చెను. నీటిని ఆపుట ఎంత ముఖ్యమో, హెచ్చునీటికిని ఇసుకకును త్రోవ విడుచుట అంత ముఖ్యమని ఆ అనుభవము తెలిపెను.

1844లో ఆయన విశాఖపట్టణమున నుండగా గోదావరి సంగతి విచారింపుమని ప్రభుత్వము కోరెను. ఆరోగ్యము బాగుగ లేకున్నను ఆయన డెల్టా నంతయు తిరిగిచూచి నివేదిక వ్రాసెను. సారవంతమైన నేలయు, మహానదియు, పాటుపడు జనులును ఉండగా ఆకలిచావులు కలుగుట పాలకులకు అప్రతిష్ఠ యని అందు నిర్భయముగా తెలిపెను. సుమారు 4,75,000 రూపాయల అంచనాతో 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని ఆరంభమయ్యెను. కోరినంతమంది ఇంజనీరులు మాత్రము రాలేదు. అనుభవములేని పడుచువారు కొలదిమందినే ఇయ్యగా, వారికి పని నేర్పుచు పని సాగింపవలసి వచ్చెను.

ధవళేశ్వరమును ఆయన ఎన్నుకొనుటకు కారణములు గలవు. అచ్చట నది మిక్కిలి వెడల్పు; కావున వరదనీరు పలుచగా పరచుకొని కట్టమీదుగా పొర్లిపోవును. నడుమ లంకలుండుటచే కట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా విడదీయ వీలయ్యెను. ప్రక్కనే కొండ యుండుటచే రాతికి కొదువ లేదు. ఆ రాళ్లను ఇనుపపట్టాలమీది బండ్లలో నదికి చేర్చిరి. రాతికట్టు పొడవు మొత్తము రెండుంబాతిక మైళ్లు, ఎత్తు పండ్రెండడుగులు.

బాలురు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. చెరువునకు అలుగు ఎట్టిదో నదికి ఆనకట్ట అట్టిది. గట్టు నీటిని ఆపును. అలుగు నిలువదగిన మట్టము మించిన నీటిని పోనిచ్చును. అలుగు లేని చెరువు మొదటి పెద్దవానకే తెగును. గాజుతొట్టెలో చేపలు పెంచువారును అంచునకు దిగువగా ఒక రంధ్ర ముంచి హెచ్చునీటిని పోనిత్తురు. అయితే పైనుండి దుమికిన నీరు దిగువ ఇసుకను త్రవ్వి గుంట చేయును. గుంట పెరిగి గోడ క్రిందికి ప్రాకినచో గోడ కూలును. ఇందులకై కాటన్ దొర కట్ట దిగువను పెద్దపెద్ద రాళ్లను సున్నము లేకయే విడిగా పరపించెను. గట్టిగా అతికిన రాతిపలకకు క్రింద ఇసుక తొలగినను పైకి తెలియదు. ఒకనాడు ఒక్కసారి విరుగును. విడిరాళ్లైనచో ఇసుక తొలగినకొలది తాముగా క్రుంగి గుంటను పూడ్చును. మీద మరల రాళ్లు వేసిన చాలును. తూములవద్ద మేటవేయు ఇసుకను దిగువకు నెట్టుటకు కట్ట అడుగున వేరుగా తూములు అమర్చిరి. పడవలు పోవుటకు లాకులు కట్టిరి.

ఇంతటి పని ఒక్కని చేతిమీద జరుగలేదు. వేలకొలది కూలీలు ఎండలో రాళ్లు కొట్టిరి, మోసిరి, నీటిలో నిలిచి పేర్చిరి. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. ఆదివారమున పని నిలిపి వారికి విశ్రాంతి యిచ్చుట కాటన్ దొర నియమము. వీణెం వీరన్న గారను ఆంధ్రుడు కూలీలను సమకూర్చుటయందును పని నడుపుటయందును ఆయనకు కుడిభుజమై, పిదప రాయ్ బహద్దరు బిరుదము పొందెను. 1848లో కాటన్ దొర ఆరోగ్యము చెడి సెలవుపై పోవలసి రాగా, కెప్టెన్ ఆర్ అను సహాయకుడు పని సాగించెను. 1850లో దొర తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

ఆనకట్ట నీటిమట్టమును పెంచగా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారెను. గౌతమి ఎడమగట్టు ప్రక్కనున్న మన ఆలమూరు తూర్పు డెల్టాలోనిది. జొన్నాడ రేవునకు ఆవలనున్నది మధ్య డెల్టా. వైనతేయ పాయకు ఆవలనున్న నగరము లంకకు నీరందించుటకై హేగ్ దొర గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టు కట్టించి, నదిమీదుగా కాలువను నడిపించెను. పొలమునకు నీరు పెట్టు కాలువ ఎంత అవసరమో, నీరు తీయు మురుగుకాలువ అంత అవసరము. ఈ రెండవదానిని మరచినచోట్ల డెల్టా రైతు నేటికిని ముంపునకు లోనగుచున్నాడు.

కాటన్ దొర 1860లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. రైళ్లకంటె సేద్యమునకును పడవలకును ఉపకరించు కాలువలే ఈ దేశమునకు ముఖ్యమని ఆయన జీవితాంతము వాదించెను. 1876-78 నాటి ఘోర క్షామమున దక్షిణదేశము తల్లడిల్లిన తరుణమున, 1878లో పార్లమెంటు విచారణసంఘము ఎదుట ఆయన కఠినమైన ప్రశ్నల కుత్తరము చెప్పవలసి వచ్చెను. ఆయన కోరిన కాలువలలో పెక్కింటికి ధనము మంజూరు కాలేదు. అయినను ఆయన వెనుదీయలేదు. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల వయస్సున, డార్కింగు పట్టణమున కన్నుమూసెను. మరుసటి యేడు ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన చరిత్రమును ప్రకటించెను.

1970లో ఆరంభింపబడి 1982లో పూర్తియైన కొత్త బారేజికి ఆయన పేరే పెట్టిరి. దాని 175 తలుపులు నేడును అవే నాలుగు పాయలపై నిలిచియున్నవి. సుమారు పది లక్షల ఎకరములకు నీరందుచున్నది. పుష్కరములలో ఆయన పేర తర్పణము విడుచు రైతులు గలరు. పరాయిదేశమున బుట్టినవానికి ఈ గౌరవ మేల దక్కెను? ఆయన నదిని జయింపజూడలేదు. దాని బలమునకు త్రోవ విడిచి, దాని నీటిని మాత్రము అడిగెను. తనకు తెలియని విద్యను తనకంటె ముందువారివద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. విద్యార్థులు మన కాలువగట్టుమీద నడచునపుడు ఈ రెండు గుణములను తలచుకొందురుగాక.