బూడిదలో నేర్చుకున్న ప్రార్థన

అది 1812 మార్చి 11. కలకత్తాకు చేరువలోని శ్రీరాంపురంలో మిషనరీల ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. కాగితం నిల్వలు, అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి శ్రమించి రాసిన ప్రతులు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. ఆ రోజు విలియం కేరీ కలకత్తాలో ఉన్నాడు. మర్నాడు ఉదయం సహచరుడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి ఆ కబురు చెప్పాడు.

కాలిపోయిన వాటిలో ఎన్నో భాషల బైబిలు అనువాదాలున్నాయి. కేరీ కూర్చుతున్న బహుభాషా నిఘంటువు ఉంది. ఆయన రాసిన తెలుగు వ్యాకరణమూ ఉంది.

కేరీ గర్వించడానికి కారణాలు లేకపోలేదు. 1761లో ఇంగ్లండ్‌లోని ఒక పల్లెలో పేద ఇంట పుట్టి, చెప్పులు కుట్టి బతికిన వాడు. పెద్ద చదువులు లేకుండానే స్వయంకృషితో ఎన్నో భాషలు నేర్చాడు. 1793లో బెంగాలుకు వచ్చాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధనను వెలువరించి, అదే ఏడాది ఫోర్ట్ విలియం కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. అలాంటి వాడి కష్టమంతా కాలిపోతే, నీ పని చేస్తున్న నాకే ఇలా ఎందుకు చేశావని దేవుణ్ణి నిలదీయవచ్చు. ఆయన అలా చేయలేదు. శిథిలాలు చూసి కన్నీరు పెట్టుకున్నాడు. కానీ మమ్మల్ని దిద్దే హక్కు ప్రభువుకుందని ఒప్పుకొన్నాడు. ఈ నష్టానికి తనలోని లోపమేమైనా కారణమా అని తన్ను తాను పరీక్షించుకోవాలనుకున్నాడు. తరువాతి ఆదివారం 46వ కీర్తన 10వ వచనం మీద ప్రసంగించి, మనల్ని తన ఇష్టప్రకారం నడిపించే అధికారం దేవునిదని, లోబడడం మన వంతని బోధించాడు.

ఆ బూడిదలోనే అక్షరాల ఉక్కు అచ్చులు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసంతో మళ్లీ అక్షరాలు పోతపోశారు. కేరీ కూడా పోయినదాన్ని మళ్లీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నాడు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది. 1818లో శ్రీరాంపురం నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

నష్టం తర్వాత మరో పరీక్ష వచ్చింది. అది పొగడ్త. అగ్నిప్రమాద వార్త ఇంగ్లండ్ చేరిన సుమారు రెండు నెలల్లోనే నష్టాన్ని పూడ్చే సొమ్ము పోగైంది. కేరీ పేరు మారుమోగింది. అక్కడి మిత్రుడు ఆండ్రూ ఫుల్లర్ మాత్రం భయపడ్డాడు. ఈ స్తోత్రధూపాన్ని మనమే పీల్చుకుంటే దేవుడు తన ఆశీర్వాదాన్ని ఆపేస్తాడేమోనని హెచ్చరిస్తూ కేరీకి లేఖ రాశాడు. అగ్ని కాల్చలేనిదాన్ని పొగడ్త కాల్చేస్తుందని ఆ మిత్రుడికి తెలుసు.

కేరీ తన తోటలో ఏకాంతంగా ప్రార్థించేవాడు. అక్కడ ఆయన పండితుడు కాదు, కృప కోసం చేయి చాచిన పాపి మాత్రమే. చివరి రోజుల్లో మంచం మీదున్న ఆయనను చూడడానికి యువ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ వచ్చాడట. కేరీ చేసిన సేవను గురించే చాలాసేపు మాట్లాడాడట. కేరీ మెల్లగా ప్రార్థన చేయమన్నాడు. డఫ్ వెళ్తుండగా వెనక్కి పిలిచి, తాను పోయాక కేరీ గురించి కాక కేరీ రక్షకుని గురించి మాట్లాడమని కోరాడట. 1834 జూన్ 9న ఆయన కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు సమాధి రాతి మీద బిరుదులేవీ చెక్కలేదు. పేరు, తేదీలు, తనను దీనుడిగా, నిస్సహాయుడిగా చెప్పుకొనే ఒక కీర్తనలోని రెండు పాదాలు మాత్రమే ఉన్నాయి.

మన ప్రార్థనల్లో మన సేవ, మన ఉపవాసాలు, మన కానుకల చిట్టా ఎంత? లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యుడి ప్రార్థన కూడా అలాంటి చిట్టాయే. దేవాలయంలో నిలబడినా అతడు తనతో తానే మాట్లాడుకున్నాడు. రొమ్ము కొట్టుకున్న సుంకరి మాత్రం నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. నష్టం వచ్చినప్పుడు దేవుణ్ణి నిలదీయకుండా, మెప్పు వచ్చినప్పుడు దాన్ని మనకే ఉంచుకోకుండా మోకరించగలిగితే, మన ప్రార్థనా దేవుని సన్నిధికి చేరుతుంది.