శ్రీకృష్ణదేవరాయలు: జయమును రక్షణమును

వడ్డాది నేడు పెద్దేటి చెంతనున్న యొక గ్రామము. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, చోడవరమునుండి మాడుగుల పోవు త్రోవలో నున్నది. చుట్టును వరిమళ్లు, చెఱకుతోటలు. ఉత్తరమున మన్యపు కొండలు. ఒకప్పుడిది రాజధాని. మత్స్యవంశపు రాజులు పదుమూడవ శతాబ్దమునాటికే యిచ్చటనుండి యీ సీమను పాలించుచుండిరి. కళింగ గాంగులు, అటుపిమ్మట గజపతులు ప్రబలులై యుండగా వారికి లోబడి తమ కొండలను, పొలములను కాపాడుకొనుచు వచ్చిరి.

అట్టి యూరి పేరు తెలుగు సాహిత్యమున నిలిచినది యొక దహనకథవలన. అల్లసాని పెద్దన తన మనుచరిత్రమున శ్రీకృష్ణదేవరాయల తూర్పు దండయాత్రను వర్ణించుచు, ఆ ప్రతాపాగ్నికి మసియైన స్థలములలో వడ్డాదిని గూడ చేర్చెను. ఆంధ్రులెల్లరు దానిని గర్వముతో చదువుదురు. వడ్డాదివారు మాత్రము దానిని రెండు మాఱులు చదువవలసియున్నది. కాల్చినవాడును మనవాడే, కాలినదియు మన యూరే. రాయల కీర్తిని తగ్గించుట మా యుద్దేశము కాదు. అంతటి వీరుని జయము దేశమునకెంత రక్షణము మిగిల్చినదని విచారించుటయే మా యుద్దేశము. జయము వేరు, రక్షణము వేరు. ఈ భేదము నెఱుగని జాతికి సైన్యమెంత యున్నను నిశ్చింత లేదు.

తుళువ నరసనాయకుని కుమారుడైన కృష్ణరాయలు 1509లో తన యన్న వీరనరసింహరాయలు గతించిన పిదప విజయనగర సింహాసన మెక్కెను. అప్పటి స్థితి సుఖమైనది కాదు. ఉత్తరమున బహమనీ రాజ్యము చీలి యేర్పడిన సుల్తానులు పొంచియుండిరి. దక్షిణమున ఉమ్మత్తూరు నాయకుడు తిరుగబడియుండెను. తూర్పున ఉదయగిరి, కొండవీడు మొదలగు గట్టి దుర్గములు ఓఢ్రదేశపు గజపతుల చేతిలో నుండెను. పడమటి సముద్రమున పోర్చుగీసువారు ప్రవేశించిరి. 1510లో గోవాను పట్టుకొనిరి. యువకుడైన రాజు కీర్తికాంక్షతో వెంటనే తూర్పునకు పరుగెత్తలేదు. మొదట ఉత్తరపు సరిహద్దు మీదికి వచ్చినవారిని తఱిమెను. పిదప ఉమ్మత్తూరును, శివసముద్రమును సాధించి యింటిలోని తిరుగుబాటు నణచెను. ఇల్లు చక్కబెట్టుకొనకుండ పొరుగువానితో కయ్యమునకు దిగరాదను నీతి యిందు స్పష్టము. ఈ యోచనలో మంత్రి తిమ్మరుసు చేయి యెంతో కలదు.

1513లో ఉదయగిరి ముట్టడి యారంభమయ్యెను. ఎత్తైన కొండపై కట్టిన యా కోట దుర్భేద్యము. రాయలు దానిని తొందరపడి యెక్కబోలేదు. బండరాళ్లను పగులగొట్టించి త్రోవలు వేయించెను. లోపలికి ధాన్యము పోకుండ కట్టడి చేసెను. ఏడాదికి పైగా నోపికపట్టి 1514లో కోటను చేకొనెను. అటనుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమును హంపిలో ప్రతిష్ఠించెను. పిదప అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ మొదలగునవి చిక్కినవి. 1515 జూన్ 23వ తేదీని కొండవీడు వశమయ్యెను. గజపతి కుమారుడు వీరభద్రుడచ్చటనే చెఱపడెను. యుద్ధమనగా కత్తి త్రిప్పుటయే యని తలచువారు ఈ రెండేండ్ల చరిత్రమును చూడవలెను. ఇందు త్రోవలు వేసిన కూలివాడు, ధాన్యము మోసిన యెద్దు, దినములు లెక్కించిన మంత్రి, వీరిపాలు సిపాయిపాలుకంటె తక్కువ కాదు.

ప్రతాపరుద్ర గజపతి యేల యోడెను? ఆయన పిరికివాడు కాడు. సైన్యము కొఱత లేదు. కాని యుత్తరమున వంగదేశపు సుల్తాను హుసేన్ షా ఆయనను బాధించుచుండెను. రెండు దిక్కుల శత్రువులు గలవాడు రెంటను బలహీనుడగును. దూరపు కోటలకు సకాలమున సహాయము పంపలేకపోయెను. కృష్ణ దాటిన రాయల సేన కొండపల్లిని, రాజమహేంద్రవరమును గడచి కళింగసీమలో ప్రవేశించెను. 1516లో రాయలు సింహాచలమున వరాహనరసింహస్వామిని సేవించి యాభరణములు సమర్పించినట్లు దేవాలయ శాసనము తెలుపుచున్నది. పొట్నూరున జయస్తంభము నాటించెను. వడ్డాది మసియైనదని కవి చెప్పిన దండయాత్ర యిదియే. కటకమువరకు సేన పోయెననుట కవివర్ణనమో, చరిత్రమో పండితులు తేల్చవలసినదే. సింహాచల శాసనము మాత్రము రాతిలో నున్నది.

ఇచ్చట పాలకులు గుర్తింపవలసిన విషయమొకటి కలదు. వడ్డాది వంటి చిన్న రాజ్యమునకు ఆ యుద్ధమున నిర్ణయించు శక్తి లేదు. గజపతికి కప్పము కట్టినందున రాయలకు శత్రువయ్యెను. రాయలు వచ్చినపుడు గజపతి రక్షింపలేదు. రెండు మహారాజ్యముల నడుమనున్న సీమవారి గతి యెప్పుడును నిట్టిదే. జయస్తంభమును రాజధానివారు చూచి సంతసింతురు. కాలిన గాదెలను సరిహద్దు రైతు లెక్కపెట్టుకొనును.

అయినను కృష్ణరాయల గొప్పతనము జయించుటలో కంటె జయించిన పిదప చేసినదానిలో నెక్కువగా కానవచ్చుచున్నది. ఆయన గజపతిని సర్వనాశనము చేయలేదు. చెఱపట్టిన వీరభద్రునకు కన్నడదేశమున నొక సీమను ఏలుబడికిచ్చెను. ప్రతాపరుద్రుని కుమార్తెను వివాహమాడి, కృష్ణానదికి ఉత్తరమున తాను గెలిచిన భూమిని తిరిగి యొసగెను. దుర్గములు గెలుచుట కైన వ్రయము నెఱిగినవాడే వానిని విడుచుట లోని లాభమును గూడ నెఱుగును. అంత దూరపు సీమను పట్టియుంచుటకు శాశ్వతముగా సేన నుంచవలెను; ఆ సేన మఱియొక సరిహద్దునకు కొఱతయగును. పరాభవించిన పొరుగువానిని బంధువుగా చేసికొన్నందుననే, 1520లో రాయచూరునకు కదలినపుడు రాయలకు తూర్పు దిక్కున చింత లేకుండెను.

ఈ దండయాత్రలోనే కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగున కావ్యము వ్రాయుమని యానతిచ్చెనని ఆముక్తమాల్యద చెప్పుచున్నది. అందలి రాజనీతి భాగము గ్రంథములు చదివి కూర్చినది మాత్రమే కాదు, శిబిరములలో నేర్చినది. రాబడిని నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు సేనకు వినియోగింపవలెననెను. దేశము చిన్నదైనను చెఱువులు, కాలువలు పెంచి, బీదరైతునకు పన్ను సడలించినచో ధనము పెరుగుననెను. కొండలలో, అడవులలో నుండు జనులను నమ్మకముతో, మంచితనముతో కలుపుకొనవలెననెను. మన్యపు అంచున నివసించు మనకు ఈ చివరి మాట విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. సరిహద్దు కాచునది కోటగోడ కంటె ముందు అచ్చటి ప్రజల మనస్సు.

1520 మేలో రాయచూరువద్ద బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో జరిగిన పోరాటము రాయల శౌర్యమునకు పరాకాష్ఠ. పోర్చుగీసు లేఖకుడు నూనిజ్ దానిని విపులముగా వర్ణించెను. ఆదిల్‌షా ఫిరంగులు ఒక్కపెట్టున ప్రేలగా విజయనగరపు ముందు శ్రేణి విచ్చి వెనుదిరిగెను. రాయలు ప్రాణములకు తెగించి గుఱ్ఱమునెక్కి రెండవ శ్రేణిని ముందుకు నడిపెను. సుల్తాను సేన చెదరి నదిలో పడెను. తరువాత కోటను పట్టుటలో పోర్చుగీసు తుపాకివారి గుఱి తోడ్పడినది. గోడపై తలయెత్తినవారిని వారు కాల్చుచుండగా క్రింద గునపములతో గోడను పెల్లగించిరి.

కాని గజపతియెడ చూపిన ఔదార్యమును రాయలు ఆదిల్‌షాయెడ చూపలేదు. ఓడిన సుల్తాను రాయబారిని పంపగా, తన పాదమును ముద్దాడినగాని పట్టిన సొమ్ము తిరిగి యీయనని కబురంపెనని నూనిజ్ వ్రాసెను. సుల్తాను రాలేదు, రాయలు బిజాపురము వఱకు దండు నడపెను. దీనివలన భూమి పెరుగలేదు, స్నేహము కలుగలేదు. అవమానము మాత్రము మిగిలెను. ఓటమిని మఱచిన శత్రువు కలడు గాని అవమానమును మఱచిన శత్రువు లేడు. రాయల యల్లుడు రామరాయలు సుల్తానుల కలహములలో తలదూర్చి వారినొకరి తరువాత నొకరిని చులకన చేయగా, చివరకు 1565 జనవరిలో వారందఱును ఏకమై కృష్ణాతీరమున విజయనగర సైన్యమును కూలద్రోసిరి.

మఱియొక లోపము రాయల బలములోనే దాగియుండెను. ఆ కాలపు యుద్ధమునకు గుఱ్ఱమే ప్రధానాయుధము. మంచి గుఱ్ఱములు మన దేశమున పుట్టవు. అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలపై రావలెను. సాళువ నరసింహరాయలు సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు సైతము, తోకను చూపినచో వెల యిచ్చెనట. కృష్ణరాయలు ఏటేట పదుమూడువేల గుఱ్ఱములు కొనుచుండెనని నూనిజ్ లెక్క. రేవులను పోషించి, గుఱ్ఱపు వర్తకులను సన్మానించి, ఆ గుఱ్ఱములు శత్రువునకు చేరకుండ చూడవలెనని రాయలు తన కావ్యమున వ్రాసెను. యోచన మంచిదే. కాని గోవా పోర్చుగీసుల చేతిలో నుండెను. 1515 నాటికి గుఱ్ఱములు బయలుదేరు హొర్ముజు కూడ వారిదే. కొనువాడు రాజాధిరాజు, త్రోవ తాళపుచెవి మాత్రము పరులది. ఆ రేవులను దాటి సముద్రమును ఏలగల నౌకాబలమును విజయనగరము నిర్మింపలేదు.

రాయల చివరి దినములు దుఃఖమయములు. యువరాజు తిరుమలుడు బాల్యముననే చనిపోయెను. ఆ మరణమునకు తిమ్మరుసే కారణమని యనుమానించి, తనను పెంచి పెద్దచేసిన మంత్రిని అంధుని చేయించి చెఱనుంచెనని నూనిజ్ వ్రాసియున్నాడు. 1529లో రాయలు కీర్తిశేషుడయ్యెను. 1540లో ప్రతాపరుద్రుడు గతింపగా గజపతి వంశము త్వరలోనే యంతరించినది. 1568లో ఓఢ్రదేశము వంగసుల్తానుల పాలయ్యెను. 1571, 72 ప్రాంతములలో రాజమహేంద్రవరము గోలకొండవారికి చిక్కి, కళింగాంధ్రము వారి యధీనమునకు వచ్చెను. రాయలు మరలనొసగిన భూమి ఆయన వంశమునకును దక్కలేదు, గజపతి వంశమునకును దక్కలేదు. ఇద్దఱు రాజుల మాటపై మాత్రమే నిలిచిన స్నేహము ఆ రాజులతోనే పోయినది. ఒకరి నొకరు అలసింపజేసిన రెండు రాజ్యములు వేర్వేరుగా కూలినవి.

ఈ కథ నేటి మనకేల యని యడుగువారుందురు. 1962లో చైనా సేనలు హిమాలయములు దిగినపుడు మన జవానులకు శౌర్యము కొఱవడలేదు. త్రోవలు, చలిదుస్తులు, మంచి తుపాకులు కొఱవడినవి. ఉదయగిరివద్ద రాయలు ముందుగా త్రోవలు వేసిన సంగతి మనము పొగడితిమి గాని నేర్చుకొనలేదు. 1965 యుద్ధకాలమున అమెరికావారు ఆయుధముల సరఫరా నాపివేసిరి. 1991లో సోవియెట్ రాజ్యము విచ్ఛిన్నమైనపుడు యంత్రభాగములకై మన సేనలు ఇక్కట్లు పడినవి. హొర్ముజు గుఱ్ఱముల కథయే రూపము మార్చుకొని వచ్చినది. దీనికి మఱుమందు కూడ మన చేరువనే మొలిచినది. వడ్డాదికి కొన్ని ఆమడల దూరమునగల విశాఖ రేవున 1948లో జల ఉష యను నౌకను నీటదింపిరి. 2009లో అణుశక్తితో నడచు అరిహంత్ జలాంతర్గామి అచ్చటనే జలప్రవేశము చేసినది. పరుల రేవునుండి కొనుటకును, మన రేవున కట్టుకొనుటకును గల భేదము కృష్ణరాయలకు తీరని కొఱత.

కావున, దేశరక్షణమును గుఱించి యోచించువారికి మా మనవి యిది. ఆయుధముల లెక్కతో తృప్తిపడవలదు. అవి యెవరి తాళముక్రింద నున్నవో చూడుడు. పొరుగువాని నోడింపవలసివచ్చినచో నోడింపుడు, అవమానింపకుడు. సంధి చేసినచో రాజుల నడుమ మాత్రమే కాక ప్రజల నడుమ చేయుడు. సరిహద్దు సీమలకు బాటలు, నీరు, న్యాయము ముందు పంపుడు. సేన తరువాత పోయినను నిలుచును. రాయల జయమును పొట్నూరి స్తంభమువద్ద నిలిచి కొలుచుట సులభము. ఆ జయము రక్షణముగా మాఱినదా యను ప్రశ్నకు మాత్రము వడ్డాది పొలముగట్టున నిలిచియే యుత్తరము వెదుకవలెను.